పెద్దవాళ్లకి యాంటీబయాటిక్: డోసు లెక్క ఎక్కడ తప్పుతోంది?

డెబ్బై దాటినవాళ్లకి యాంటీబయాటిక్ రాసినప్పుడు ఇంట్లో వచ్చే తికమకల గురించి ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. అక్కడివాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఊళ్లో ఒక డాక్టరు, శ్రీకాకుళంలోనో విశాఖలోనో మరో డాక్టరు. రెండు చీటీలూ ఒకే సంచిలో ఉంటాయి గానీ, రెండూ కలిపి చూసేవాళ్లు ఉండరు. జవాబులు ఇచ్చినవారు జనరల్ మెడిసిన్ వైద్యులు, క్లినికల్ ఫార్మసిస్టు.

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్లు. న్యుమోనియా అని శ్రీకాకుళంలో లీవోఫ్లాక్సాసిన్ 750 రోజుకొకటి, అయిదు రోజులు రాశారు. ఊరికి వచ్చాక ఇక్కడి డాక్టరుగారు రోజు విడిచి రోజు వేస్తే చాలన్నారు. క్రియాటినిన్ 1.0 వచ్చింది. రిపోర్టులో నార్మల్ అనే ఉంది. మరి తగ్గించడం ఎందుకు? జబ్బు ముదిరిపోదా? (ఒక కోడలు, పర్లాకిమిడి)

జవాబు: మీ ఊరి డాక్టరుగారు చేసింది సరైన పనే. ఎందుకో లెక్క వేసి చూపిస్తాం, ఇది మీరూ కాగితం మీద వేసుకోవచ్చు.

క్రియాటినిన్ కండల్లో తయారై, రక్తంలో కలిసి, కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. వయసుతో కండ కరిగిపోతుంది కాబట్టి తయారయ్యేదే తక్కువ. కిడ్నీ నిమిషానికి చేసే వడపోత కూడా నలభై దాటాక సగటున ఏడాదికి ఒక మిల్లీలీటరు చొప్పున తగ్గుతూ వస్తుంది. కుండలోకి పడే నీళ్లు తగ్గాయి, అడుగున చిల్లు కూడా పూడుకుపోయింది. పైనుంచి చూస్తే నీటిమట్టం ఎప్పటిలాగే ఉంది. రిపోర్టులో 1.0 అంటే ఆ నీటిమట్టం. చిల్లు ఎంత మిగిలిందో అది చెప్పదు.

చిల్లు సంగతి తెలియాలంటే 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం ఉంది. 140 లోంచి వయసు తీసేయండి. వచ్చినదాన్ని కిలోల బరువుతో గుణించండి. దాన్ని 72 తో, తర్వాత క్రియాటినిన్ అంకెతో భాగించండి. ఆడవాళ్లయితే చివర 0.85 తో గుణించాలి. మీరు అత్తగారి బరువు రాయలేదు. 42 కిలోలు అనుకుందాం. 140 లోంచి 78 పోతే 62. 62 ని 42 తో గుణిస్తే 2604. 72 తో భాగిస్తే 36 చిల్లర. 0.85 తో గుణిస్తే 31. అంటే ఆవిడ కిడ్నీలు నిమిషానికి 31 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయి. అదే 1.0 క్రియాటినిన్ ఉన్న 28 ఏళ్ల మనవడికి, 65 కిలోల బరువైతే, ఈ లెక్క 101 వస్తుంది. రిపోర్టులో ఇద్దరి అంకే ఒకటి, మందు బయటికి పోయే వేగంలో మాత్రం మూడు రెట్ల తేడా.

కొన్ని ల్యాబులు ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ఇస్తాయి. మీ అత్తగారికి అది 58 దగ్గర చూపించవచ్చు. ఆ సూత్రంలో మనిషి బరువు ఉండదు, సగటు మనిషి ఒంటి కొలతకు లెక్కగట్టిన అంకె అది. సన్నగా, పొట్టిగా ఉన్న ముసలమ్మలకి అది కిడ్నీని ఉన్నదానికంటే బాగా చూపిస్తుంది. మందుల కంపెనీలు డోసు పట్టికలు చాలావరకు కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం మీదే కట్టాయి.

లీవోఫ్లాక్సాసిన్ దాదాపుగా మూత్రంలోంచే పోయే మందు. దాని పట్టికలో లెక్క 20 నుంచి 49 మధ్య ఉంటే 750 మాత్ర 48 గంటలకొకటి అని ఉంటుంది. మీ డాక్టరుగారు చెప్పింది అదే. రోజూ వేస్తే నిన్నటి మాత్ర పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, ఎక్కడున్నానో తెలియని అయోమయం, కొందరిలో ఫిట్స్, గుండె లయ తప్పడం కనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని "జ్వరం తలకెక్కింది" అనుకుంటారు.

జబ్బు ముదరదా అన్నారు. మొదటి మాత్ర ఎప్పుడూ నిండు డోసే. ఒంట్లోకి మందు చేరడానికి కిడ్నీతో పని లేదు, బయటికి పోవడానికే ఉంది. అందుకని తర్వాతి డోసుల మధ్య ఎడం పెంచుతారు, లేదా మోతాదు తగ్గిస్తారు. మీ అంతట మీరు మొదటి మాత్రనే సగం చేసి వేయకండి, బ్యాక్టీరియాకి అందాల్సిన మందు అందదు. తగ్గించడమే జాగ్రత్త అనుకోవడం కూడా తప్పే. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ వంటివాటికి కిడ్నీ లెక్క ప్రకారం కోత అక్కర్లేదు. సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్, అమాక్సిసిలిన్–క్లావులనేట్, కోట్రైమాక్సజోల్, మెరోపెనెమ్, అమికాసిన్ వంటివాటికి కావాలి. అయితే ఎంత తగ్గాక, ఎంత కోత అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

ఒక్క పని చేయండి. పెద్దవాళ్లని మూడు నెలలకోసారి తూకం మీద నిలబెట్టి, తారీఖు వేసి, ఆ బరువు చీటీ మీదే రాయించండి. మేం చూసే చీటీల్లో వయసు ఉంటుంది, బీపీ ఉంటుంది, బరువు ఉండే చోట ఖాళీ ఉంటుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు చుట్టరికాలు, రాకపోకలు ఉన్నవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేయించుకోవాలి. ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండానే పెరుగుతుంది.

ప్రశ్న: మా తాతగారికి 74. జ్వరం వస్తే మా ఊరి ఆర్‌ఎంపీ గారు జెంటామైసిన్ సూది, దాంతోపాటు నొప్పి సూది ఆరు రోజులు పొడిచారు. జ్వరం పోలేదు. ఇప్పుడు మూత్రం తక్కువగా వస్తోంది, నడిస్తే తూలుతున్నారు. నీరసం అంటున్నారు. నిజమేనా? (గుణుపురం)

జవాబు: నీరసం అని వదిలేయకండి. ఈ జవాబు మీకు అందేసరికి ఆలస్యం అవుతుందని మీకు విడిగా ఫోనులో చెప్పాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

జెంటామైసిన్, అమికాసిన్ రెండు చోట్ల పేరుకుంటాయి. ఒకటి కిడ్నీలోని సన్నని గొట్టాల గోడల్లో, రెండోది లోపలి చెవిలో ఉండే నూగులాంటి కణాల్లో. కిడ్నీ దెబ్బ సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు వాడాక బయటపడుతుంది. మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లో కోలుకుంటుంది. చెవిలోని కణాలు మాత్రం మళ్లీ మొలవవు. జెంటామైసిన్ ఎక్కువగా ఒంటి నిలకడను చూసే భాగాన్ని కొడుతుంది, అమికాసిన్ వినికిడిని కొడుతుంది. నొప్పి సూదిలో ఉండే డైక్లోఫెనాక్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. జ్వరంతో నీళ్లు తాగని ముసలివాళ్లలో ఈ రెండూ కలిసి పడితే కిడ్నీ తట్టుకోలేదు. నీరు పోవడానికి లాసిక్స్ వాడుతున్నవాళ్లకైతే చెవికీ ముప్పు పెరుగుతుంది.

తూలడం నీరసమా, చెవి దెబ్బా అని తేల్చుకోవడానికి ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. గోడ మీద క్యాలెండర్‌కి ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టి తారీఖులు చదవమనండి. తర్వాత ఆయన తలను మీరే రెండు చేతులతో పట్టుకుని, కాదు అన్నట్టు పక్కలకి చిన్నగా, కాస్త వేగంగా ఊపుతూ మళ్లీ చదవమనండి. మామూలుగా అయితే అంకెలు దాదాపు అలాగే కనిపిస్తాయి. చెవి దెబ్బతింటే అంకెలు గెంతుతున్నట్టు, చెరిగిపోయినట్టు కనిపిస్తాయి. మెడనొప్పి ఉన్నవాళ్లకి ఇది చేయవద్దు. చీకట్లో నడక మరీ తూలడం కూడా ఇదే గుర్తు. చెవిలో హోరు, వినపడకపోవడం ఉంటే అదే రోజు ఆ సూది ఆగిపోవాలి.

మూత్రం ఇరవై నాలుగు గంటలు ఒక సీసాలో పట్టి కొలవండి. 400 మిల్లీలీటర్లు దాటకపోతే తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ క్రియాటినిన్, పొటాషియం రెండూ చూడమనాలి.

జ్వరం ఎందుకు పోలేదన్నది ఇంకో సంగతి. రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో జ్వరం అంటే ముందు మలేరియా పరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్త దగ్గర కిట్టుతో నిమిషాల్లో తేలుతుంది. అది లేదంటే స్క్రబ్ టైఫస్ ఆలోచించాలి. పొదల్లో ఉండే నలుసంత పురుగు కుట్టిన చోట బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి ఎవరూ చెప్పరు. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, ఆడవాళ్లకి రొమ్ముల కింద మడత విప్పి వెతకాలి. ఆ జబ్బు మీద జెంటామైసిన్ ఎన్ని రోజులు పొడిచినా పనిచేయదు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు పనిచేస్తుంది. కిడ్నీ బలహీనమైనా దాని డోసు మార్చనక్కర్లేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి వాడాల్సిన మందు వదిలేసి, వాడకూడని మందు ఆరు రోజులు వాడటం మాకు చాలా బాధ కలిగించింది.

ప్రశ్న: నాకు 71. షుగర్‌కి గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటాను. మూత్రంలో మంట అని లీవోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. మూడో రాత్రి చెమటలు పట్టి పడిపోతే షుగర్ 48 ఉంది. మాత్ర మార్చి కోట్రైమాక్సజోల్ వాడవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం)

జవాబు: మాస్టారూ, ముందు జరిగింది చెబుతాం. గ్లిమెపిరైడ్ క్లోమంలో ఒక తలుపు మూసి ఇన్సులిన్ బయటికి వచ్చేలా చేస్తుంది. లీవోఫ్లాక్సాసిన్ కూడా కొంతమేర అదే తలుపు మూస్తుంది. దానికి తోడు ఈ వయసులో కిడ్నీ నెమ్మది, జబ్బుతో అన్నం సగమే తిన్నారు. మూడూ ఒకే రాత్రి కలిశాయి.

కోట్రైమాక్సజోల్‌కి మారితే ఈ గండం పోదు. అదీ గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్‌ని పడేస్తుంది. పైగా అది పొటాషియంని ఒంట్లోనే ఆపుతుంది, టెల్మిసార్టాన్ కూడా ఆపుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకీ ఇదే మాట. మరో దారి లేక వాడాల్సి వస్తే నాలుగో రోజుకో అయిదో రోజుకో పొటాషియం పరీక్ష చేయించాలి. ఆ రోజుల్లో కొబ్బరి బొండాలు మానేయాలి. జ్వరం మనిషికి బొండం తాగించడం మన అలవాటు, ప్రేమతోనే చేస్తాం, కానీ అందులో పొటాషియం చాలా ఉంటుంది.

కిడ్నీ లెక్క 30కి పైన ఉంటే, జ్వరం, నడుము పక్కల నొప్పి లేకుండా మంట ఒక్కటే ఉంటే నైట్రోఫ్యూరాంటోయిన్ గురించి మీ డాక్టరుని అడగండి. దానికి షుగర్ మాత్రతో పేచీ లేదు. అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం ముదురు పసుపులోనో గోధుమ రంగులోనో వస్తే భయపడకండి. లెక్క 30కి దిగువన ఉంటే అది మూత్రంలోకి చాలినంత చేరదు, రక్తంలో మిగిలి నరాలకి చేటు చేస్తుంది. అప్పుడు అది వద్దు. మీరు మగవారు కాబట్టి ప్రొస్టేట్ సంగతీ చూడాలి. ఆ గ్రంథిలోకి ఈ మందు సరిగా చేరదు. ఆ విషయం ఎంపికకు ముందే తేలాలి.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్లు లీవోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ అనే ఈ రెండు యాంటీబయాటిక్‌లలో ఏది మొదలుపెట్టినా, కోర్సు అయ్యేవరకు గ్లూకోమీటర్‌తో రోజుకి నాలుగుసార్లు చూసుకోవాలి. పడుకునే ముందు ఒకసారి తప్పనిసరి. షుగర్ 70 కంటే దిగువకి వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేచి కూర్చున్నా ఆ పూటతో అయిపోయిందనుకోవద్దు. ఈ మాత్రల వల్ల పడిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడుతుంది, ఒక రోజంతా ఆసుపత్రిలో ఉంచి చూడాలి.

లీవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నప్పుడు మడమ వెనక నొప్పి మొదలైతే ఆ పూటే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పండి. అరవై దాటినవాళ్లకి, ముఖ్యంగా ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లకి, పిక్క కండని మడమకి కలిపే స్నాయువు తెగిపోవచ్చు. ఇదే తరహా పేచీ ఉన్న జంటలు ఇంకో రెండు. గుండె కవాటం మార్చినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వాడే అసిట్రోమ్‌తో మెట్రోనిడజోల్ లేక కోట్రైమాక్సజోల్ కలిస్తే రక్తం మరీ పల్చబడుతుంది, మూడు నాలుగు రోజుల్లో, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ చూడాలి. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వేసుకునేవాళ్లకి క్లారిత్రోమైసిన్ ఇస్తే కండలు దెబ్బతినవచ్చు. ఒళ్లునొప్పులతో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే గుర్తు.

ప్రశ్న: సిప్రో మాత్ర పాలతో వేయవచ్చా? మా అమ్మ పొద్దున్న చోడి (రాగి) అంబలి తప్ప ఏమీ తీసుకోదు. (జయపురం)

జవాబు: పాలు, పెరుగు, మజ్జిగతో వద్దు. వాటిలోని కాల్షియం మాత్రని పట్టుకుని కడుపులోంచి రక్తంలోకి పోనివ్వదు. అమ్మ వేసుకునే కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందు ద్రావకం కూడా అంతే. సిప్రో వాటికి రెండు గంటల ముందు వేయాలి, లేదా ఆరు గంటల తర్వాత వేయాలి. చోడిలోనూ కాల్షియం ఎక్కువే కాబట్టి పొద్దున్న లేవగానే నీళ్లతో మాత్ర వేసి, రెండు గంటలాగి అంబలి ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మకి 80. ఏ బాధా లేదు. మోకాళ్ల నొప్పికి పరీక్షలు రాస్తే మూత్రం కల్చర్‌లో ఇ.కోలై లక్షకు పైగా వచ్చింది. మూడు కోర్సులు వాడాం, మళ్లీ అదే వచ్చింది. (రాయగడ)

జవాబు: నాలుగో కోర్సు వద్దు. వయసు మీరిన ఆడవాళ్లలో చాలామంది మూత్రసంచిలో బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. మంట, పదేపదే వెళ్లాల్సి రావడం, జ్వరం, నడుము పక్కల నొప్పి, కొత్తగా మూత్రం ఆగకపోవడం ఉంటేనే మందు. మూత్రనాళాల మీద ఆపరేషన్ ఉన్నవాళ్లకి మాత్రం బాధ లేకున్నా ముందుగా ఇస్తారు. ప్రతి కోర్సూ ఆ మందుకి లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటిస్తుంది. రేపు నిజంగా జ్వరం వస్తే నోటి మాత్రల్లో పనిచేసేది మిగలదు.

పెద్దవాళ్లకి ఇన్ఫెక్షన్‌లో జ్వరం రాకపోవచ్చు అన్నదీ నిజమే. అన్నం మానేయడం, పడిపోవడం, మాట తడబడటం మొదటి గుర్తులు కావచ్చు. కానీ అయోమయం ఒక్కటే ఉండి, మూత్రం బాధలు లేకపోతే ముందు షుగర్, నీళ్లు తక్కువ కావడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర చూడండి.

నమూనా తీసే తీరు కూడా తప్పవచ్చు. నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, నడిమి ధార పట్టాలి. రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. బిస్సంకటక్‌లో పట్టిన సీసాని సంచిలో వేసుకుని బస్సులో రాయగడ దాకా ఎండలో మోసుకొస్తే, ఇ.కోలై అనువైన వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. సీసాలో పెరిగినదే లక్షగా చూపిస్తుంది.

ప్రశ్న: పళ్ల డాక్టరు ఆగ్మెంటిన్ రాశారు, దగ్గుకి ఇంకొకరు క్లావమ్ రాశారు. నాన్నగారు రెండూ వేసుకున్నారు. అయిదో రోజు నుంచి నీళ్ల విరేచనాలు. ఆపడానికి లోపెరమైడ్ వేయవచ్చా? (పర్లాకిమిడి)

జవాబు: వేయకండి. ముందు ఆ రెండూ ఒకే మందు అని తెలుసుకోండి. అమాక్సిసిలిన్ 500, క్లావులనేట్ 125 కలిస్తే 625. రెండు కంపెనీలు రెండు పేర్లు పెట్టాయి. నాన్నగారు రెట్టింపు డోసు వేసుకున్నారు. ఇవాళే ఇద్దరు డాక్టర్లకీ ఫోను చేసి చెప్పండి, వాళ్లు ఒకటి ఆపుతారో రెండూ ఆపుతారో తేలాలి.

క్లావులనేట్ మామూలుగానే విరేచనాలు చేస్తుంది. కానీ అరవై అయిదు దాటినవాళ్లలో, గ్యాస్‌కి పాంటోప్రజోల్ వాడేవాళ్లలో మరీ, సి.డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పేగులో పెరిగి విషం వదలవచ్చు. రోజుకి మూడుసార్లో అంతకు మించో నీళ్లలా పోయినా, కడుపు ఉబ్బినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా మలం పరీక్షకి ఇవ్వాలి. లోపెరమైడ్ ఆ విషాన్ని పేగులోనే నిలబెడుతుంది. కోర్సు అయిపోయాక రెండు మూడు నెలల్లోపు కూడా ఇది రావచ్చు. అప్పటికి యాంటీబయాటిక్ వాడిన సంగతే ఎవరికీ గుర్తుండదు, డాక్టరుకి మీరే గుర్తుచేయాలి. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి, విరేచనమైన ప్రతిసారీ గ్లాసుడు కొద్దికొద్దిగా తాగించండి. గుండె బలహీనంగా ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లయితే డాక్టరు చెప్పినంతే.

ఈ మందుకి ఇంకొక గుణం ఉంది. ముఖ్యంగా పెద్దవయసు మగవాళ్లలో, అరుదుగా, కోర్సు ముగిసిన కొన్ని వారాలకి కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద పుట్టి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. అది కనిపిస్తే పసరు మందుకి వెళ్లకుండా కాలేయం పరీక్ష చేయించండి.

పేర్ల తికమకకి దారి ఇది. షీటు మీద పెద్ద అక్షరాల పేరు వదిలేయండి. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. మీ ఇంట్లో అది చదవగలిగిన పిల్లల చేత ఒక పాత నోటు పుస్తకంలో, మీకు వచ్చిన లిపిలో, అసలు పేరు, మిల్లీగ్రాములు, మొదలుపెట్టిన తారీఖు రాయించండి. షీటుకి నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. అలాంటివి మిగిలిపోతే దాచకండి. నాన్నగారి ఖాళీ షీట్లు, ఆ పుస్తకం ఒకే సంచిలో వేసి, శ్రీకాకుళం వెళ్లినా బరంపురం వెళ్లినా డాక్టరుగారి బల్ల మీద ముందు ఆ సంచి పెట్టండి.